సంతకం కింద గడి

ఆ వానాకాలం ఊళ్ళో లిఫ్టు గుంతలన్నీ నీళ్ళతో నిండాయి. మా ఆఫీసులో అరవై నాలుగు ఫారాలు నిండాయి. అందులో ఒకటి నింపాల్సిన మనిషి నింపలేదు, నేను నింపాను. ఆ సంగతే ఇది.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నా బిడ్డ పండు గురించి ఇప్పుడు నేను 'అన్నాడు, వెళ్ళాడు' అంటాను. అప్పట్లో 'అంది, వెళ్ళింది' అనేదాన్ని. చదివేవాళ్ళు తికమక పడకూడదని చెబుతున్నాను. అప్పుడు నేనాడిన మాటలు వచ్చిన చోట వాటిని అలాగే ఉంచేశాను. నా తప్పుని నేనే తుడిచేసుకుంటే ఇక చెప్పడం దేనికి?

మాది లిఫ్టులు బిగించి బాగుచేసే కంపెనీ. సిబ్బంది విభాగంలో నాకు ఇరవై రెండేళ్ళు. సెలవు కావాలన్నా, బదిలీ కావాలన్నా, కొత్త రెయిన్‌కోటు కావాలన్నా నా బల్ల దగ్గరికొచ్చి ఫారం నింపాల్సిందే. అందుకని ఆఫీసంతా నన్ను 'ఫారాలావిడ' అంటారు, నా ముందే. నాకేం కోపం లేదు. కాగితం మీద ఖాళీ గడి కనిపిస్తే నా చెయ్యి దురద పెడుతుంది, అది నిజం. ఇంట్లోనూ అంతే. పండు పుట్టిన రోజు ఆస్పత్రిలో మంచం మీద కూచుని నింపిన కాగితం దగ్గర్నుంచి బడి, పరీక్షలు, బ్యాంకు, ఈ ఉద్యోగం దాకా అన్నిటి మీదా రాత నాదే. వాడికి వయసొచ్చాక సంతకం మాత్రం వాడిది.

పండు మా కింది అంతస్తులోనే బ్రేక్‌డౌన్ డెస్కులో చేసేవాడు. ఏ అపార్ట్‌మెంట్లోనైనా లిఫ్టు ఆగిపోతే ముందు ఫోను మోగేది వాడి బల్ల మీదే. దగ్గర్లో ఉన్న మెకానిక్కుని పంపించి, పని అయ్యాక ఆ బిల్డింగు వాళ్ళకి మెయిలు పెట్టాలి. మామూలు రోజుల్లో పది ఫోన్లు వస్తే వానాకాలంలో వంద. లిఫ్టు కింద గుంత ఉంటుంది కదా, దాన్నిండా నీళ్ళు చేరతాయి.

సరిగ్గా తొలకరి రోజుల్లో కొత్త మేనేజరమ్మ సర్క్యులర్ పంపించింది. మెయిలు కింద సంతకంలో పేరూ, హోదా, ఫోన్ నంబరూ ఉంటాయి. వాటి కింద ఇక మీదట ఇంకో లైను రావాలి. మన గురించి నలుగురూ మాట్లాడుకునేటప్పుడు 'ఆమె' అనాలో 'అతను' అనాలో 'తను' అనాలో ఎవరికి వాళ్ళు రాసివ్వాలి. అందరూ ఇవ్వాల్సిందే. రెండు వారాలు గడువు. ఫారాలు నేను పోగుచేసి కంప్యూటర్ సెక్షనుకి పంపిస్తే వాళ్ళే అందరి సంతకాల్లోనూ ఎక్కిస్తారు.

మొదట వచ్చినవాడు స్టోరు కీపరు. నిండా ముప్ఫయ్యేళ్ళు లేవు.

"మేడమ్, ఇందులో 'గారు' అని రాయొచ్చా?"

"అది పేరు పక్కన పెట్టేది నాయనా. ఇక్కడ 'అతను' అనో 'ఆయన' అనో రాయాలి."

"అయితే 'ఆయన'. అక్షరాలు కాస్త లావుగా వచ్చేట్టు చూడండి."

వెనకే నించున్న ఎకౌంట్సాయనకి చిర్రెత్తుకొచ్చింది. "వాడు 'ఆయన' అయితే నేనేమిటి?"

"మీరూ ఆయనేగా."

"రిటైరయ్యే నేనూ, నిన్నగాక మొన్నొచ్చిన వాడూ ఒకటేనా?" అని రుసరుసలాడి, చివరికి 'వారు' అని రాసిచ్చి వెళ్ళాడు.

రెండు రోజులకి మెట్లు ఊడ్చే ఆవిడ చీపురు గోడకి ఆనించి నా దగ్గరికొచ్చింది. "నాకు మెయిలూ గియిలూ లేదమ్మా. అయినా ఆ కాగితం నాక్కూడా ఒకటివ్వు. ఇన్నేళ్ళబట్టీ అందరూ 'అదొచ్చిందా, అది ఊడ్చిందా' అంటారు. నేనూ రాసుకుంటాను."

ఇచ్చాను. 'ఆవిడ' అని గుండ్రంగా రాసుకుని, చీపుళ్ళు పెట్టుకునే అలమారా తలుపుకి అంటించుకుంది. మరుసటి రోజు నుంచీ చాలామంది ఆ తలుపు వైపు ఓ చూపు చూసి నోరు సర్దుకోవడం నేను కళ్ళారా చూశాను. సర్క్యులర్ నాకు నచ్చింది అప్పుడే. మంచి పనే అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను.

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా అరవై మూడు వచ్చేశాయి. రానిది నా ఇంట్లోదే. దీపం కిందే చీకటి అంటే ఇదే కదా అని నవ్వుకుని, భోజనాల దగ్గర అడిగాను.

"రేపిస్తానమ్మా" అన్నాడు పండు.

మర్నాడూ అదే మాట. మూడో రోజు నాకు విసుగొచ్చింది.

"రెండక్షరాలు రాయడానికి ముహూర్తం పెట్టించాలా ఏమిటే?"

"ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది?"

"గడి ఖాళీగా ఉండకూడదు."

"ఉంటే?"

"ఫారం వెనక్కొస్తుంది."

"రానీ."

మా ఆయన కంచంలోంచి తలెత్తారు. వీధి చివర ఆయనకి కుట్టు దుకాణం ఉంది. రోజంతా నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసే మనిషి కాబట్టి మాటలు తక్కువ. "పోనీ వదిలెయ్యరాదూ" అన్నారు. నేనేమో ఆఫీసు గొడవలు మీకేం తెలుసు అన్నట్టు చూశాను.

ఆఖరి రోజు సాయంత్రం ఐదు కొట్టబోతోంది. కంప్యూటర్ సెక్షనతను రెండుసార్లు ఫోను చేశాడు. పండుకి చేస్తే లైను దొరకలేదు, అప్పటికే వానలు పట్టుకున్నాయి. నేను ఒక ఫారం తీసి పేరు రాశాను. ఉద్యోగి నంబరు రాశాను. ఆ గడిలో 'ఆమె' అని రాశాను. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పనే కదా, చెయ్యి తడబడలేదు కూడా. అరవై నాలుగూ కట్టగట్టి పంపించేసి, గొడుగేసుకుని ఇంటికొచ్చాను. ఒక్కటీ వెనక్కి రాలేదు.

తర్వాత బుధవారం రెయిన్‌కోట్ల జాబితా పట్టుకుని కిందికి వెళ్ళాను. పండు చేత్తో ఏదో రాసుకుంటూ ఫోను స్పీకర్లో పెట్టాడు. అవతల గ్రీజన్న. మా సీనియర్ మెకానిక్కుని అందరూ అలాగే పిలుస్తారు.

"సారీ అమ్మా" అంటున్నాడు గ్రీజన్న. "మూడేళ్ళుగా తెలీక తమ్ముడూ, ఒరేయ్ అంటూ నోటికొచ్చినట్టు మాట్లాడాను. నిన్న బిల్డింగు వాళ్ళు చూపించిన మెయిల్లో 'ఆమె' అని చూసి నాలిక్కరుచుకున్నాను. ఏమనుకోకమ్మా."

"పరవాలేదన్నా."

"లేదమ్మా, తప్పు తప్పే. మావాళ్ళందరికీ చెప్పేశాను, ఇక మీదట మర్యాదగా మాట్లాడతారు."

ఫోను పెట్టేశాక పండు తెర మీద తన మెయిలు తెరిచి సంతకం కింది లైను చూశాడు. నాకైతే సంతోషమేసింది. "చూశావా, ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో!" అన్నాను.

పండు నా వైపు తిరిగాడు. "ఆ గడి నువ్వే నింపావా?"

"ఐదైపోతుంటే మరేం చెయ్యను?"

"ఊఁ" అన్నాడు. ఫోను మోగింది. ఎత్తాడు.

అంతే. అరవలేదు, తలుపులు బాదలేదు. ఆ వారం నుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. పొద్దున్నే నాకంటే ముందు వెళ్ళిపోయేవాడు, వచ్చి తిని గదిలోకి పోయేవాడు. వానల్లో పని ఎక్కువ కదా అని సరిపెట్టుకున్నాను. మూడో వారంలో నా ట్రేలోకి ఒక ఫారం వచ్చింది. బదిలీ దరఖాస్తు. రైల్లో ఒక పగలంతా ప్రయాణం చేస్తే గానీ చేరని ఊళ్ళో ఉంది ఆ బ్రాంచి. కారణం అన్న చోట 'సొంతం' అని ఉంది. ప్రతి గడీ పండు చేతి రాతే. నా చెయ్యి పడకుండా వాడు నింపిన మొదటి ఫారం అది. ఒక్క తప్పు లేదు.

సగం రోజు సెలవు పెట్టి (దానికీ ఫారం నింపి) దుకాణానికి వెళ్ళాను. మా ఆయన బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తున్నారు.

"పండు వెళ్ళిపోతానంటోంది. మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎందుకట?"

సుద్ద పక్కన పెట్టి, హ్యాంగరుకున్న నీలం చొక్కా ఒకటి తీసి నా ముందు పరిచారు. పండుదే, కొత్తది. "గుండీలు ఎటువైపున్నాయో చూడు."

"కుడివైపు."

"ఆడవాళ్ళ చొక్కాకి ఎటుంటాయి?"

"ఎడమవైపు." దర్జీ పెళ్ళాన్ని, నాకు తెలియదా?

"ఆరేళ్ళ కిందట వచ్చి, 'నాన్నా, నా చొక్కాలకి ఇటు పెట్టండి' అన్నాడు. సరే అన్నాను. అప్పట్నించీ ఇటే పెడుతున్నాను. భుజాలు కాస్త వెడల్పు చేయమన్నాడు, చేశాను."

'అన్నాడు' అంటున్నారాయన, ఎప్పట్నించో అలవాటైన మాటలా. నాకు కోపం ముంచుకొచ్చింది. ఇద్దరూ కలిసి నన్నొక్కదాన్నీ బయట నిలబెట్టారనిపించింది.

"ఆరేళ్ళు! నాకెందుకు చెప్పలేదు?"

"వారానికి ఆరు చొక్కాలు నువ్వే ఇస్త్రీ చేస్తావు. గుండీలు పెట్టి మడత పెడతావు. చూస్తూనే ఉన్నావనుకున్నాను."

స్టూలు మీద కూలబడ్డాను. ఆయన నాకు మంచినీళ్ళిచ్చి మెల్లగా చెప్పారు. "చిన్నప్పుడు ముద్దుకి 'ఏరా' అనేవాణ్ణి కదా. పెద్దదయింది, బాగుండదని ఒకసారి మానేశాను. ముఖం ఇంతయిపోయింది వాడికి. మళ్ళీ మానలేదు. ఆ ఫోన్ల దగ్గర మెకానిక్కులంతా 'తమ్ముడూ' అంటారట. గొంతు బొంగురు కదా, వాళ్ళెవరూ వీణ్ణి చూడలేదు, సైట్ల మీదే తిరుగుతారు. రోజుకి ఎనిమిది గంటలు హాయిగా ఉంటుంది నాన్నా అని చెప్పేవాడు. ఇంట్లో దొరకనిది అక్కడ దొరికింది వాడికి. ఆ గడిలో ఏం రాయాలో వాడికి తెలుసు. రాస్తే నీకు తెలుస్తుంది. రాయకపోతే గడువు. మింగలేకా కక్కలేకా ఉన్నాడు. ఈలోగా నువ్వు..."

"నేను రాసేశాను" అన్నాను.

అక్కడే ఏడ్చాను. కొలతలివ్వడానికి వచ్చినాయన గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే సవరణ ఫారం తీశాను. పేరు, నంబరు, పాత వివరం, కొత్త వివరం. కొత్త వివరం అన్న గడిలో 'అతను' అని రాసేశాను. కంప్యూటర్ సెక్షనుకి పట్టుకెళ్దామని లేచాను కూడా. రెండడుగులు వేశాక ఏం చేస్తున్నానో తెలిసొచ్చింది. చేతులు కాలాయి, ఇంకా బుద్ధి రాలేదు. చింపి బుట్టలో పడేశాను.

తెల్లకాగితం మీద సంజాయిషీ రాసుకుని మేనేజరమ్మ గదికి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళలో నేను ఎందరి చేతో రాయించాను గానీ, రాయడం అదే మొదలు. ఉద్యోగి ఇవ్వని వివరాన్ని నేను సొంతంగా నింపాను, దాన్ని తీసేయించండి అని రాశాను. ఆమె రెండుసార్లు చదివింది.

"మీ అమ్మాయిదే కదా?"

"నా బిడ్డది. ఏం రాయాలో తను చెప్పాలి, నేను కాదు."

ఆమె తెలివైన మనిషి. మళ్ళీ అడగలేదు. "అందరూ రాస్తే ఏ ఒక్కరూ విడిగా కనబడరు, ఎవరికీ ఇబ్బంది ఉండదు అనుకున్నామండీ" అంది.

"మాలాంటివాళ్ళకి ఇబ్బంది లేదు మేడమ్. పైగా సరదా. నోటి దాకా వచ్చి ఆగిపోయిన వాళ్ళకి మాత్రం గడువు పెడితే కష్టం. గొంతు మీద కూచున్నట్టుంటుంది."

ఆ సాయంత్రం నాకు మెమో ఇచ్చింది, రూలు ప్రకారం. పండు సంతకం కింద లైను తీసేయించింది. వారం తిరక్కుండా ఇంకో సర్క్యులర్ వచ్చింది, ఇష్టమున్నవాళ్ళే రాయొచ్చని. టైపు చేసింది నేనే. ఎకౌంట్సాయన మాత్రం 'వారు' తీయనన్నాడు.

మెమో ఇచ్చిన మర్నాడు ఖాళీ ఫారం ఒకటి పట్టుకుని కిందికి వెళ్ళాను. బయట కుండపోత. పండు రెండు ఫోన్ల మధ్య ఉన్నాడు. ఫారం బల్ల మీద పెట్టాను.

"ఇది నీది. నింపినా నీ ఇష్టం, లేకపోయినా నీ ఇష్టం. నేను అడగను. ముందుది నేను రాయడం తప్పు, నాన్నా. తీసేయించాను."

వాడు ఫారం వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు. "నాన్న చెప్పారా?"

"చొక్కాలు చూపించారు."

ఏదో అనబోయాడు. ఫోను మోగింది. స్పీకరు నొక్కాడు. గ్రీజన్న గొంతు, వెనక నీళ్ళ చప్పుడు.

"అమ్మా... మీకు వీలైతే కాస్త పైన మెయిను..."

"గుంతలో దిగావా అన్నా?"

"దిగానండీ."

"ముందు పైకెక్కు! కరెంటు మెయిన్ దించకుండా నీళ్ళల్లోకి ఎవరు దిగమన్నారు?" పండు రెండో ఫోను లాగి ఆ బిల్డింగు వాచ్‌మన్‌కి చేశాడు. మెయిను దించిందాకా లైను వదల్లేదు. "ఆఁ, దించాడు. నువ్వు ఎప్పుడూ దిగకముందే మెయిన్ దించమని అరిచి చెప్పేవాడివి కదా. ఇవాళేమైంది?"

"అరవడం బాగుండదు కదమ్మా, మీతో."

పండు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. నాకు నోరు దురద పెట్టింది. నేను చెప్పేస్తాను, ఇదంతా నా తప్పే బాబూ అని మొదలుపెట్టి పూసగుచ్చినట్టు చెప్పేస్తాను అనిపించింది. పళ్ళు బిగించి ఊరుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

"అన్నా, విను" అన్నాడు పండు. "ఆ మెయిల్లో ఉన్నది నేను రాసింది కాదు. నన్ను ఇదివరకు ఎలా పిలిచేవాడివో అలాగే పిలువు."

నీళ్ళ చప్పుడు తప్ప అవతల ఏమీ లేదు.

"ఇదివరకంటే... తమ్ముడూ అనా?"

"ఆఁ."

"నీకది బాగుంటుందా?"

"నాకదే బాగుంటుందన్నా."

"ఓస్, అంతేనా! ఈ అండీలూ అమ్మాలూ నాకు మూడు వారాలుగా గొంతుకడ్డం పడుతున్నాయి. ఒరేయ్ తమ్ముడూ, ఇంకో పంపు పంపించరా, నడుంలోతు ఉన్నాయి నీళ్ళు."

పండు నవ్వాడు. ఇంట్లో ఎన్నేళ్ళుగానో వినని నవ్వు. నేను చప్పుడు చెయ్యకుండా మెట్లెక్కి వచ్చేశాను.

బదిలీ దరఖాస్తు ఇంకా నా ట్రేలోనే ఉంది. శనివారం లోపు పై ఆఫీసుకి పంపాలి. దాన్ని ఏ ఫైలు కిందో తోసేస్తే అడిగే నాథుడు లేడు. ఫారం పోయిందని ఫారాలావిడ అంటే ఎవరు కాదంటారు? శుక్రవారమంతా దాన్ని తీసి చూస్తూ, లోపల పెడుతూ గడిపాను. ఉండిపోరా అని అడగడానికి మొహం చెల్లలేదు. శనివారం పొద్దున ముద్ర కొట్టి, కవర్లో పెట్టి పంపించేశాను. ఆ రోజు ఇంటికెళ్ళి ఇస్త్రీ పెట్టె పట్టుకున్నాను. ఆరు చొక్కాలు. గుండీలు ఒక్కొక్కటే పెట్టాను, కుడివైపు నుంచి.

వానలు తెరిపిచ్చిన వారంలో పండు పైకొచ్చాడు, మా సెక్షనుకి. మూడేళ్ళలో ఎప్పుడూ రాలేదు.

"నా బదిలీ కాగితం పంపేశావా అమ్మా?"

"ఎప్పుడో పంపేశాను."

"దాచేసి ఉంటావనుకున్నాను."

"దాచాలనే అనిపించిందిరా."

'రా' అన్నది నా నోట్లోంచి అలా వచ్చేసింది. వాడు విన్నాడు. బల్ల అంచు వేలితో రుద్దాడు.

"దరఖాస్తు వెనక్కి తీసుకోవాలంటే ఫారం ఉంటుందా?"

"లేకేం" అన్నాను. సొరుగులోంచి ఫారం తీశాను, పెన్ను మూత దానంతటదే నా చేతిలో ఊడొచ్చింది. వాడు పెన్ను వైపు చూశాడు. నేను దాన్ని తిప్పి వాడి చేతికిచ్చాను.

నించునే రాయడం మొదలుపెట్టాడు. పేరు, విభాగం, తేదీ. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను. ఆ రోజు నేనిచ్చిన ఖాళీ ఫారం వాడి సొరుగులో ఉందట, ఇంకా నింపలేదు. వాడి మెయిళ్ళ కింద ఇప్పటికీ పేరూ, డెస్కూ, ఫోన్ నంబరే ఉంటాయి. నేను అడగలేదు.

రాస్తున్న చప్పుడు ఆగింది.

"నా ఉద్యోగి నంబరెంత?"

చూడకుండానే చెప్పాను.

"మళ్ళీ చెప్పు" అన్నాడు. అంతలోనే వాడికే నవ్వొచ్చి, పెన్ను నా చేతిలో పెట్టి కాగితం నా వైపు జరిపాడు. "నువ్వే రాయమ్మా."

ఆ ఒక్క గడీ నేను నింపాను.